చెమట కనిపించడం లేదా? అయితే జాగ్రత్త!

సైకిలు తొక్కడం మంచి వ్యాయామమని మీకు వేరే చెప్పనక్కరలేదు. అయితే ఊళ్ళో ఒక గంట తొక్కడం వేరు, మెట్టనేలలో పొద్దుటినుంచి పొద్దుగూకే దాకా తొక్కడం వేరు. రెండో పనికి కాళ్ళలో బలం ఒక్కటే చాలదు. నీళ్ళ లెక్క కూడా తెలియాలి.

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరంనుంచి ఇంత దూరం వచ్చేసరికి బలహీనపడతాయి. ఎడారి కాదుగాని, వేరుసెనగ పీకేసిన చేలను మార్చి నెలలో చూస్తే ఎడారికి చుట్టమే అనిపిస్తుంది.

అటువంటి మార్చి నెలలో ఒకనాడు మేము నలుగురం గుంతకల్లులో ఉగ్గాని, బజ్జీలు తిని సైకిళ్ళెక్కాం. కొనకొండ్ల, వజ్రకరూరు, ఉరవకొండల మీదుగా సాయంత్రానికి పెన్నహోబిలం చేరి, రాత్రి ఆరుబయట పడుకుని, మర్నాడు అనంతపురం చేరాలని మా ఏర్పాటు.

వజ్రకరూరు దాటాక ఎండతోపాటు ఎదురుగాలి మొదలైంది. మాలో చిన్నవాడు, "చొక్కా పొడిగానే ఉంది కదన్నా, చెమటే పట్టలేదు, నీళ్ళెందుకు?" అని సీసా ముట్టలేదు. పదకొండు దాటాక తలనొప్పి అన్నాడు. తర్వాత ఊరికే చిరాకుపడ్డాడు. ఆ తర్వాత పిక్కలు పట్టేసి, వాంతి వచ్చేలా ఉందంటూ దిగిపోయాడు. చూస్తే నుదుటిమీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది.

అసలు సంగతి ఆ ఉప్పే చెప్పింది. అతనికి చెమట పట్టకపోలేదు, పట్టింది పట్టినట్టే పొడిగాలికి ఆరిపోయింది. కోస్తా ఉక్కలో చెమట ధారగా కారుతుంది గనుక మనకు తెలుస్తుంది. మెట్టగాలిలో తెలియదు. ఎండలో కష్టపడే మనిషికి గంటకు ఒక లీటరు, ఒక్కోసారి అంతకన్న ఎక్కువ చెమట పోవచ్చు. దాహం వేసేసరికే ఒంట్లో నీరు కొంత తగ్గి ఉంటుంది.

అతన్ని వేపచెట్టు నీడన పడుకోబెట్టి, కాళ్ళు కాస్త ఎత్తున పెట్టి, తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ విసిరాం. పక్క చేలోని అవ్వ ఒకామె, "ఈ ఎండలో యాడికి పోతాండారప్పా? ఒట్టి నీళ్ళు గాదు, ఉప్పేసిన మజ్జిగ తాపండి" అంటూ చెంబు తెచ్చి ఇచ్చింది. గుక్కగుక్కగా తాగించాం. గంటన్నరకు తేరుకున్నాడు. నాలుగున్నర దాకా మేమెవరమూ కదలలేదు.

ఆ అవ్వ చెప్పింది అక్షరాలా వైద్యమే. చెమటతో నీరే కాదు, ఉప్పు కూడా పోతుంది. ఉప్పు లేకుండా ఒట్టి నీళ్ళే అదేపనిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి మరో ప్రమాదం వస్తుంది. అందుచేత ప్రతి పావుగంటకూ నాలుగైదు గుక్కలు తాగండి. మధ్యమధ్య ఉప్పు మజ్జిగగాని, ఓ.ఆర్.ఎస్. గాని పుచ్చుకోండి. ప్యాకెట్ దొరక్కపోతే ఒక లీటరు మంచినీళ్ళలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి కలపండి. రక్తపోటు, మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ముందుగా మీ డాక్టరునడగండి. తాగింది చాలిందో లేదో మూత్రం రంగే చెబుతుంది. లేత పసుపైతే సరే, ముదురు రంగైతే ఆగి తాగండి. పదకొండు నుంచి నాలుగు దాకా నీడ వదలకండి.

మాట తడబడినా, మనిషి తికమకపడినా, స్పృహ తప్పినా, జ్వరం 104 డిగ్రీలు దాటినా అది వడదెబ్బ. చెమట పడుతోంది గదా అని కాదనుకోకండి. వెంటనే 108కి ఫోను చేసి, బట్టలు వదులు చేసి, ఒంటిమీద నీళ్ళు పోస్తూ విసరండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకండి.

రాత్రి మకాంకి రాళ్ళ గుట్టల పక్క, వాగు ఇసుక మంచివి కావు. తెల్లవారుజామున చలి వేస్తుంది గనుక దుప్పటి ఉంచుకోండి. పొద్దున్నే బూట్లు దులిపి తొడుక్కోండి, తేళ్ళుంటాయి. పాము కరిస్తే కోయడాలు, పీల్చడాలు చేయక నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇదంతా సైకిళ్ళవారికేలే అనుకోవద్దు. తొలకరి వానలు పడగానే వజ్రకరూరు పొలాల్లో వజ్రాల కోసం ఎక్కడెక్కడివారో వచ్చి, పగలంతా తల వంచి నేలను వెదుకుతూ తిరుగుతారు. చేలల్లో కూలికి వెళ్ళేవారూ అంతే. చూపు నేలమీద, మనసు పనిమీద ఉన్నప్పుడు దాహం గుర్తు రాదు. మీ ఇంట్లో అటువంటివారుంటే, బయలుదేరేటప్పుడు ఒక సీసా నీళ్ళు, ఒక సీసా ఉప్పు మజ్జిగ చేతికిచ్చి పంపండి. సాయంత్రం ఆ సీసాలు ఖాళీగా తిరిగి వచ్చాయో లేదో కూడా చూడండి.