మామ్మ మరపు, మన జంక్షన్ పట్టాలు



మా అత్తగారికి అల్జీమర్స్ అని డాక్టరు చెప్పాక, మా తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకటే ప్రశ్న: "మామ్మ లోపల ఏటవుతోందమ్మా?" బయాలజీ టీచర్నై ఉండి తప్పించుకోలేను కదా!

విజయనగరం జంక్షన్‌లో పట్టాలు చూశావుగా, అక్కడే మొదలుపెడదాం అన్నాను. నాడీకణానికి పొడవాటి తోక ఉంటుంది. వెన్నుపాము నుంచి కాలివేలికి వెళ్లే కణానికైతే దాదాపు మీటరు. అందులో మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నని గొట్టాలుంటాయి. మందం 25 నానోమీటర్లే. కణానికి కావలసిన సరుకంతా వాటి మీదే నడుస్తుంది. పట్టాలను స్లీపర్లు పట్టి ఉంచినట్టు, ఆ గొట్టాలను కొన్ని ప్రొటీన్లు పట్టి ఉంచుతాయి. వాటిలో ఒకటి టావ్. దాని గురించి 1975లో మొదట తెలిసింది. అల్జీమర్స్‌లో టావ్‌కి ఫాస్ఫేట్లు అతిగా అంటుకుని, అది గొట్టాన్ని వదిలేసి ఉండలు చుట్టుకుపోతుంది. సరుకు రవాణా దెబ్బతింటుంది. (అమైలాయిడ్ అని ఇంకో ప్రొటీన్ కూడా ఉంది, అది వేరే పెద్ద కథ.)

"అయితే మామ్మ కావాలని అడిగిందే అడగట్లేదు" అన్నాడు వాడు.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్లు అలా అడుగుతుంటే "చాదస్తం" అనేసి ఊరుకోకండి. ప్రతి మరపూ అల్జీమర్స్ కాదు. బి12 లోపం వల్లా, థైరాయిడ్ తగ్గడం వల్లా కూడా మరపు వస్తుంది, వాటికి మందులున్నాయి. అల్జీమర్స్‌ని పూర్తిగా నయం చేసే మందు మాత్రం ఇంకా రాలేదు. అందుకే ఒకసారి న్యూరాలజిస్టుకి చూపించండి. మరపు ఎప్పుడు మొదలైందో, ఏయే మందులు వాడుతున్నారో కాగితం మీద రాసుకుని వెళ్లండి.