పిల్లకు ప్రార్థన రావడంలేదట

ప్రియమైన వదినకు,

నువ్వు పంపిన వాయిస్ మెసేజీ రెండుసార్లు విన్నాను. ఫోను చేద్దామనుకున్నాను గానీ, చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను ఊరడిస్తాను, అసలు సంగతి అక్కడే ఉండిపోతుంది. అందుకే ఈ ఉత్తరం. ఇక్కడ మిరపకోతలు నడుస్తున్నాయి, ఊరంతా ఘాటు. తుమ్ముతూ రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకో.

పోయిన ఆదివారం హాస్టల్లో అవుటింగు ఇచ్చారంటే విజయవాడ వెళ్లి నా మేనకోడల్ని చూసొచ్చాను. కాస్త చిక్కింది. జంతికలు, గోంగూర పచ్చడి ఇచ్చాను. గేటు ఎదురుగా టిఫిన్ బండి దగ్గర గంటసేపు కూచున్నాం. నువ్వు భయపడ్డట్టు దేవుడు లేడనీ, గుడి వద్దనీ ఏమీ అనలేదు. "అత్తా, నాకు ప్రార్థన రావడంలేదు" అంది. పొద్దున ఐదింటికి లేపుతారట, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవరు. మామూలు ఆదివారాల్లో వీకెండు పరీక్ష, గుడి మాటే లేదు. పడుకునే ముందు కళ్లు మూసుకుంటే "పరిశుద్ధుడవైన తండ్రీ" దాకా వస్తుందట, ఆ పైన మాటలు తెగిపోతాయట. "పాస్టరుగారిలా, మీలా నాకు రాదత్తా" అంది.

ఆ "మీలా" అన్న మాట నరసరావుపేటలో బస్సు దిగేదాకా గుచ్చుకుంటూనే ఉంది.

మనం నేర్పిందే కదా వదినా. పన్నెండేళ్లు నువ్వూ నేనూ కలిసి సండేస్కూలు చెప్పాం. కంఠత వాక్యానికో పెన్సిలిచ్చాం, సెలవుల బైబిలు బడిలో చప్పట్లు కొట్టించాం, ఈ పిల్లనే మూడు క్రిస్మస్‌లు వరసగా గబ్రియేలును చేశాం. నలుగురి ముందు దేవుడితో ఎలా మాట్లాడాలో బాగా నేర్పాం. ఎవరూ లేనప్పుడు, మైకు లేనప్పుడు, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే ఆయనతో మాట్లాడొచ్చని ఒక్కసారైనా చెప్పామా? మన పాత బైబిలు గ్రాంథికం, మన ప్రార్థనలూ గ్రాంథికమే. "దయచేయుము, కనికరించుము" అంటేనే ఆయన వింటాడని పిల్లల నమ్మకం. ఆ పాత మాటలంటే నాకూ ఇష్టమేలే. కానీ అది పెట్టెలో దాచిన పట్టుచీర. హాస్టల్లో బకెట్టు దగ్గర వరసలో నిలబడ్డ పిల్ల దాన్ని ఎప్పుడు కట్టుకుంటుంది?

నిరుడు మన గుళ్లో కన్ఫర్మేషను పొందిన పదకొండు మందిలో ఇప్పుడు ప్రభువు బల్లకు వస్తున్నది నలుగురు. మిగతావాళ్లు చెడిపోయారని పెద్దలు గొణుగుతారు. నేనెరిగినంతలో ఎవరూ చెడిపోలేదు. ముగ్గురు హాస్టళ్లలో, ఒకడు సెల్ షాపులో, ఇంకొందరు కోతల్లో ఉన్నారు. కెటికిజం మాత్రం పొల్లుపోకుండా అప్పజెప్పారు ఆనాడు. ఈమధ్య అదే పుస్తకం తీసి చూస్తే సిగ్గేసింది. గుంటూరు లూథరన్లం అని చెప్పుకుంటాం, 1842లో మిషనరీ హయ్యరు దొరగారు వచ్చిన దగ్గర్నుంచీ లెక్క కడతాం. లూథరు 1529లో ఈ చిన్న పుస్తకం రాసినప్పుడు ఇంటిపెద్ద తన ఇంటివాళ్లకు ఎలా నేర్పాలో చెబుతూ రాశాడు. మనం దాన్ని ఇంట్లోంచి తీసుకెళ్లి గుళ్లో పరీక్ష పేపరు చేశాం. రాత్రి ప్రార్థన దగ్గర ఆయన ఒక మాట పెట్టాడు చూడు: చెప్పేశాక వెంటనే సంతోషంగా పడుకోమన్నాడు. అంతే, ఇంకో అరగంట కన్నీళ్లు పెట్టమనలేదు. ఆ ఆదివారం ఇది చెబితే మన పిల్ల ఫక్కున నవ్వి, "మా వార్డెను పడుకోనివ్వాలి కదత్తా" అంది. చాలా రోజులకు విన్నానా నవ్వు.

ఇంకో సంగతి నీకు రాయలేదు. శ్రావణంలో అనుకుంటా, కన్ఫర్మేషను క్లాసులో అబద్ధ సాక్ష్యం గురించిన ఎనిమిదో ఆజ్ఞ చెబుతున్నాను. మన పేటలో కుర్రాడొకడు లేచి, "టీచరమ్మా, గుడి రిజిస్టర్లో నాకో పేరు, కులం సర్టిఫికెట్లో ఇంకో పేరు. అందులో హిందువని ఉంది. ఇది అబద్ధ సాక్ష్యమేనా?" అన్నాడు. నాకు నోరు ఎండిపోయింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు సంగతి నీకు తెలుసు, క్రైస్తవుడినని రాస్తే ఎస్సీ హోదా పోతుంది, బీసీ-సీలో ఒక్క శాతం రిజర్వేషను మిగులుతుంది. మన తండ్రులు గుసగుసగా మాట్లాడుకున్న విషయాన్ని వీడు పదిమందిలో అడిగేశాడు. నేను చేసిన పనేమిటో తెలుసా? "ప్రశ్నలు తర్వాత" అన్నాను.

ఆ మరుసటి వారం వాడు రాలేదు. అప్పుడు వెళ్లి సంఘపెద్దగారికి చెప్పాను, ఆ రిటైరైన హెడ్మాస్టరుగారే. ఆయన వాణ్ణి పిలిపించి క్లాసులో అందరి ముందూ కూచోబెట్టుకుని, తనూ అలాంటి కాగితంతోనే ఉద్యోగం చేశానన్నారు. ముప్పై ఏళ్లు ఆదివారం గుడికొస్తూ సైకిలు వెనక సందులో పెట్టేవారట, ఎవరైనా ఆఫీసులో చెబుతారని. "నేను చేసింది ఒప్పని నీకు చెప్పలేను, చట్టం న్యాయమైనదనీ చెప్పలేను. దేవుడి దగ్గర మాత్రం దాచలేదు" అన్నారు. కుర్రాడికి జవాబు దొరికిందనుకోను. కానీ అప్పట్నుంచి గుళ్లో చాపలు పరిచేది వాడే.

చాపలంటే గుర్తొచ్చింది. ఇప్పుడు పిల్లలకు పనులు ఒప్పజెబుతున్నాం. కానుక లెక్క పెద్దలతో కూచుని వాళ్లే రాస్తారు, మొదటి పాఠం వాళ్లే చదువుతారు. ఒక అమ్మాయికి శనివారం సాయంత్రాలు మంచంలో ఉన్న ముసలవ్వకు వాక్యం చదివే పని ఇచ్చాను. అవ్వకు అక్షరం రాదు. అయినా పిల్ల ఒక పదం మింగితే పట్టేసి సరిచేస్తుంది! ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో సగం ఆమె నోట్లో ఉన్నాయి. వరినాట్లు వేస్తూ నేర్చుకుందట. పిల్ల పాత మాటలకు అర్థం అడుగుతుంది, అవ్వ పొలం భాషలో చెబుతుంది. మన పన్నెండేళ్ల సండేస్కూలు కన్నా ఆ మంచం పక్క స్టూలు మేలనిపిస్తోంది నాకు.

యూత్ మీటింగులు వద్దనను, పెట్టనీ. మూడు రోజుల కూటాల్లో ఏడ్చి ఇంటికొచ్చి సోమవారానికి చల్లబడే పిల్లల్ని చూసి చూసి నాకు వాటిమీద ఆశ తగ్గింది, అంతే.

ఇక నీ సంగతి, కోప్పడకు. వారానికోసారి హాస్టలు ఫోను పది నిమిషాలు ఇస్తారు. అందులో నువ్వడిగేవి మూడే: మార్కులెన్ని, తిన్నావా, ప్రార్థన చేసుకున్నావా. మూడోదానికి "ఆఁ" అని అబద్ధం చెబుతున్నానని తనే ఒప్పుకుంది. అది అడగడం కొన్నాళ్లు ఆపు వదినా. నీ కబుర్లు చెప్పు. కువైట్‌లో మొదటి ఏడాది శుక్రవారం ఆరాధనకు వెళ్లి, ఇది ఆదివారంలా లేదని బయటికొచ్చి ఏడ్చానన్నావే, అది ఆ పిల్లకు తెలియదు. డ్యూటీ పడి నెలల తరబడి గుడికి వెళ్లలేకపోయావనీ తెలియదు. వాళ్లమ్మ పుట్టుకతోనే భక్తురాలని అనుకుంటోంది.

బస్సెక్కేటప్పుడు నన్నొకటి అడిగింది: "అమ్మ రాత్రి డ్యూటీలో ఎవరైనా పేషెంటు చనిపోతే ఏమని ప్రార్థన చేస్తుంది?" నాకు తెలియదన్నాను. దానికి జవాబు నాకు కాదు, తనకే రాయి. చేత్తో రాయి, ఫోన్లు గదుల్లోకి రానివ్వరు. అడ్రసు వెనక రాశాను. గది నంబరు తప్పకుండా వెయ్యి, లేకపోతే వార్డెను బల్లమీదే పడుంటుంది.

నీ వదిన