చోడవరమున గుమ్మడి విత్తు

అనకాపల్లి రైలుస్టేషనులో దిగి మాడుగుల పోవు బస్సు నెక్కినవారికి, ఊరు దాటినది మొదలు త్రోవ కిరుప్రక్కల చెఱకు తోటలే కానవచ్చును. పుష్యమాస మైనచో తోటల నడుమ గానుగల పొయ్యిలు మండుచుండును. కాగుచున్న బెల్లపు పాకము వాసన బస్సులోనికి వచ్చి, ఒడిలోని బిడ్డలు నిదుర లేచి తినుబండారము లడుగుదురు. ఇట్లు సుమారు 20 కిలోమీటర్లు పోయిన పిమ్మట చోడవరము వచ్చును. వాయవ్యమున తూర్పు కనుమలు నీలముగా నిలిచియుండును. పాడేరు, చింతపల్లి మొదలగు మన్యపు టూళ్ళు ఆ కొండలమీదివే. 2022 ఏప్రిలు వఱకు చోడవరము విశాఖపట్టణము జిల్లాలోనిది. ఇప్పు డనకాపల్లి జిల్లాలో చేరినది. మా వీధివారి నోట మాత్రము నేటికిని "మాది విశాఖ జిల్లా" యన్న మాటయే వచ్చును.

ఊరు చూడ వచ్చినవారు ముందుగా స్వయంభూ విఘ్నేశ్వరస్వామి గుడికి పోవుదురు. స్వామి నడుము పైభాగము మాత్రమే దర్శన మిచ్చును. తక్కినది భూమిలో నున్నదని పెద్దలు చెప్పుదురు. చేరువనే గౌరీశ్వరాలయమును గలదు. గుళ్ళను గూర్చి వ్రాయువారు పలువురు గలరు. సోదరీమణులారా, నేను వ్రాయదలచినది మా పెరటిని గూర్చి, అందును ఒక్క గుమ్మడి పాదును గూర్చి. ఈ యూరి నేల యెట్టిదో, గాలి యెట్టిదో, ఇరుగుపొరుగు లెట్టివారో నాకు తెలిసినది దానివలననే.

మావారు బడిపంతులు. వారి యుద్యోగమునుబట్టి 2014 వేసవిలో మే మీ యూరు వచ్చితిమి. నా పుట్టినిల్లు కోనసీమ. అక్కడ గుమ్మడికి విత్తు పాతుట యను పనియే లేదు. కూర తఱిగి గింజలు పెంటకుప్పపై పాఱవేసినచో తొలకరికి తీగ యింటికప్పు నెక్కును. ఆ సంక్రాంతికి దప్పళములోనికి కోసిన పండు గుమ్మడి గింజలను మా యమ్మ బూడిదలో పొరలించి, చేటలో నీడ నారబెట్టి, పాతచీర పేలికలో మూట గట్టినది. ఫాల్గుణమున ఆమె పోయినది. ఇల్లు సర్దునప్పు డా మూట పోపులపెట్టె వెనుక నాకు దొరికినది. "ఇంకేమైనా తీసికోవే" యని మా యన్నగారనిరి. నాకు వేఱేమియు తీసికొనవలెనని తోచలేదు.

గుమ్మడి యనగానే కొందఱు బూడిదగుమ్మడిని తలతురు. గుమ్మమునకు దిష్టికై కట్టునదియు, వడియములు పెట్టునదియు అది. అమరకోశమున కూష్మాండ మని చెప్పబడినది దానినే. చిన్ననాట నేను రెండు కాయలకు నదే పేరని చెప్పి మా తాతగారిచేత మొట్టికాయ తింటిని. నే నిచట చెప్పుచున్నది తీయగుమ్మడి. దాని నమరసింహు డెఱుగడు. అది యమెరికా ఖండపు కాయ, 1492 తరువాతనే ఓడల మీద తక్కిన లోకమునకు వచ్చినది. దాని చుట్టమగు నొక గుమ్మడి గింజలు మెక్సికోలోని గుహలో దొరకగా, అవి సుమారు 10,000 యేండ్ల నాటివని పరిశోధకులు నిర్ణయించిరి. అంత దూరమునుండి వచ్చి మన గొబ్బెమ్మ తలపై కూర్చున్నది! గొబ్బెమ్మకు గుమ్మడిపూవు లేనిచో మా యమ్మకు పండుగ తోచెడిది కాదు.

శ్రావణమున మూటలోని గింజలలో చాల భాగము మా పెరటి యెఱ్ఱనేలలో పాతితిని. కోళ్ళకును ఉడుతలకును పోగా మిగిలినవి పందిరి కెక్కినవి, పిందెలు దిగినవి. ఇంతలో అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖ తీరమును తాకినది. ఇచ్చటి చెఱకు తోటలు నేల కొరగినవి. మా పందిరి తీగతో కూడ పొరుగువారి గోడ యవతల పడినది. పండిన కాయ యొక్కటియు లేదు, పచ్చికాయల గింజలు వట్టి తాలు. మూట విప్పి చూడగా 11 గింజలు మిగిలినవి.

నా తప్పిదము నిక్కడనే చెప్పవలెను. తొందరపడి మార్గశిరము చివర నాలుగు గింజలు కుండీలలో పాతి వాకిట నుంచితిని. చింతపల్లి మండలపు లంబసింగిలో చలి సున్న డిగ్రీల దరికి దిగు దినములు గలవు. మా యూర నంత చలి లేకున్నను, ఆ కొండల గాలి తెల్లవాఱుజామున చెఱకు తోటలపై మంచుగా దిగును. ఆ చలిలో నేను రెండుపూటల చెంబెడేసి నీరు పోసితిని. పండ్రెండవనాడు త్రవ్వి చూడగా గింజలు నా వ్రేళ్ళ నడుమ మెత్తగా నలిగిపోయినవి. ఆ సంక్రాంతికి గొబ్బెమ్మలకు బంతిపూలే పెట్టితిని.

మాకు పాలుపోయు ముసలమ్మ యొకతె కలదు. ఆమె కొడుకులకు చెఱకు తోటయు గానుగయు నున్నవి. ఆమె ఆ కుండీలను చూచి, "ఓలమ్మా, ఇత్తనానికి తడి సాలు గాని తానమెందుకు, మేష్టారమ్మగోరూ? సలికి ముడుసుకున్నదాని మీద సన్నీళ్ళు పోత్తారా?" యనినది. నాకు సిగ్గయినది. తక్కిన ఏడు గింజలను ఆమె చెప్పినట్లు ఇంటిలోనే మొలిపింప బూనితిని.

సాయంకాలము గింజలను గోరువెచ్చని నీట వేసి, తెల్లవాఱగానే తీసితిని. అంతకు మించి నాననీయరాదు. గింజకును గాలి కావలెను. నీటిచుక్క కారకుండ పిండిన గుడ్డలో చుట్టి, స్నానమునకు నీళ్ళు కాచు కట్టెపొయ్యి వెనుక గూటిలో నుంచితిని. అచ్చట చేయి పెట్టిన వెచ్చగా నుండవలెను గాని చుఱుకుమనరాదు. గుమ్మడి మొలచుటకు 25 మొదలు 35 డిగ్రీల వెచ్చదనము మేలనియు, 15కు లోపల నది మేలుకొనదనియు వ్యవసాయ గ్రంథములు చెప్పుచున్నవి. ఆ గ్రంథములు చూడకయే ముసలమ్మ సరియైన గూడు చూపినది. నాలుగవనాడు ఐదు గింజలకు తెల్లని ముక్కు వచ్చినది. రెండు మేలుకొనలేదు.

ఇక మట్టి. ఎఱ్ఱమట్టి, ఇసుక, బాగుగ మాగిన పశువుల యెరువు సమపాళ్ళుగా కలిపి, మన్యమునుండి వచ్చు అడ్డాకు దొప్పలలో నింపితిని. దొప్పకు గింజ యొకటే. అంగుళము లోతున, ముక్కు క్రిందుగా. గుమ్మడి వేరు చేయి తగిలిన నలుగును. కుండనుండి పెల్లగించి నాటిన మొక్క నెలదినములు అలిగి కూర్చుండును. దొప్పయైనచో దొప్పతోనే పాతవచ్చును, ఆకు మట్టిలో కలిసిపోవును. అడ్డాకు దొరకనివారు కాగితపు పొట్లములు చేసికొనవచ్చును. నీటి విషయమున వ్రేలే కొలత: మట్టిలో వ్రేలు గ్రుచ్చిన తడి తగిలినన్నాళ్ళు చెంబు ముట్టరాదు.

మొలక మట్టి చీల్చుకొని వచ్చిన గడియనుండి వెచ్చదనము కంటె వెలుతురు ముఖ్యము. చలికి జాలిపడి యొక దొప్పను మఱి రెండు దినములు గూటిలోనే యుంచితిని. అది పాలిపోయి, జేనెడు సాగి, తన బరువు తానే మోయలేక వాలిపోయినది. తక్కిన నాలుగు వసారాలో ఎండపొడకు పెరిగినవి. మొదట వచ్చు దళసరి జంట రెండును ఆకులు కావు, గింజబద్దలు. వాని నడుమ గరుకుటాకు రెండవది విచ్చునప్పటికి నాటు వేళ యైనట్లే. అంతకు ముందు వారము దినములు పగలు పెరటిలోను, రాత్రి యింటిలోను ఉంచి గాలి కలవాటు చేయవలెను. మూడు వారములు దాటనిచ్చినచో వేరు దొప్పలో చుట్టుకొనును.

పెరటిలో నాటిన పిమ్మట ఎఱ్ఱని పెంకుపురుగు వచ్చినది. అది లేత మొక్కను రెండుదినములలో జల్లెడ చేయును. ఉదయమున, మంచు తడి యారకముందే, ఆకులపై పిడకల బూడిద చల్లుచుంటిని. ఒక పెండ్లికై విశాఖకు పోయి రెండునాళ్ళు మఱచుటచే ఒక పాదు పోయినది. మిగిలినవి మూడు.

మొదట పూచునవి మగపూలే. పిందెలు నిలువవని కొత్తవారు దిగులుపడుదురు. పూవు క్రింద గోలివంటి చిన్న కాయ యున్నదే ఆడుపూవు. కొన్ని యుంచి తక్కిన మగపూలు కోసికొన్నను కాపునకు లోటు లేదు. గొబ్బెమ్మలకు అవే వాడుదుము. పొరుగు పెరటిలో వేఱుజాతి గుమ్మడి యుండుటచే, తేనెటీగలు మా గింజ పోలికను మార్చునేమో యని భయపడితిని. విచ్చబోవు ఆడుపూవును మగపూవును ముందునాటి సాయంకాలమే దారముతో కట్టి, తెల్లవాఱగానే విప్పి, మగపూవు పుప్పొడిని ఆడుపూవు నడుమ నద్ది, మరల కట్టితిని. దారపు టుండ పట్టుకొని నిలుచుండుట మావారి వంతు. బడికి వేళ మించుచున్నదని గొణుగుచునే నిలిచిరి.

జ్యేష్ఠమున పండిన మొదటి కాయను కోయుటకు నాకు చేయి రాలేదు, ముసలమ్మయే కోసినది. కండ యెఱుపును చూచి మా యమ్మ దప్పళము గుర్తునకు వచ్చినది. గింజలను బూడిదలో పొరలించి చేటలో పోసితిని. కొన్ని ముసలమ్మ తన మనుమరాలికై వడ్డాది పంపినది. భాద్రపదమున మరల దొప్పలలో మొలిపించిన పాదులు 2016 సంక్రాంతికి పూచినవి, మా గుమ్మమున గొబ్బెమ్మలన్నింటికి పూవు దొరకినది.

ఆ పండుగనాడే మా యన్నగారు ఫోనుచేసి, ఇంటి గుమ్మడి జాతి తమ దొడ్డిలో నశించినదనియు, గింజలున్న పంపుమనియు అడిగిరి. గోరువెచ్చని నీరు, గుడ్డ, గూడు, దొప్ప, అన్నియు వివరముగా వ్రాసిన కాగితముతో పది గింజలు తపాలాలో పంపితిని. వారు కాగితము చదువకయే గింజలను పెంటకుప్పపై విసరిరట. తొమ్మిది మొలచినవట.