ఫార్మాట్ కొట్టే ముందు ఆగండి



శ్రీముఖలింగం మధుకేశ్వరాలయంలో తూర్పు గంగ రాజుల కాలపు శాసనాలున్నాయి. ఎవరు అఖండ దీపం పెట్టించారో, ఎవరు దానమిచ్చారో ఇవాళ్టికీ చదవొచ్చు. దగ్గర్లోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి ఈ శాసనాలు చదివే, కళింగనగరం ఇదేనని వాదించారు. అదే మట్టిలో వంగి పనిచేసినవాళ్లు తమ మాట తాము రాతి మీద చెక్కించుకోలేకపోయారు. అది నోటి మీద బతికింది. ఇప్పుడు హార్డ్ డిస్కుల్లో ఉంది.

పోయిన నెల ముఖలింగం దగ్గరి ఒక వాడ నుంచి మా విద్యార్థి యువజన సంఘం కంప్యూటర్ మోసుకొచ్చాడు.

"ఆనవడానికే పావుగంట పడతంది సార్. షాపోడు ఫార్మాట్ కొట్టెత్తానంతన్నాడు. ఏటి సెయ్యమంతారు?"

లోపల ఏముందని అడిగాను. డీ పట్టాల ఫోటోలు, తహసీల్దారుకి పెట్టిన అర్జీలు, ఏ బంజరు ఎవరు సాగులోకి తెచ్చారో చెప్పిన పెద్దల గొంతులు. ఇవి చిన్నవి కావు. వంగర మండలం లక్ష్మీపేటలో 2012 జూన్ 12న ఐదుగురు దళితుల్ని పొట్టన పెట్టుకున్నది భూమి గొడవే.

కంప్యూటర్ నెమ్మదిస్తే కారణాలు చాలా ఉంటాయి. ర్యామ్ చాలకపోవచ్చు, సీ డ్రైవ్ నిండిపోవచ్చు, వైరస్ ఉండొచ్చు, కేబుల్ వదులవ్వచ్చు. ఇక్కడ టాస్క్ మేనేజర్‌లో డిస్క్ నూరు శాతం చూపిస్తోంది, కానీ డేటా కదలడం లేదు. పాడైన చోటు చదవడానికి డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంటే ఇలా అవుతుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో చూస్తే పెండింగ్ సెక్టార్లు కనిపించాయి. అంటే డిస్క్ చచ్చిపోతోంది.

అప్పుడు చేయకూడనివి: ఫార్మాట్, డీఫ్రాగ్, చెక్‌డిస్క్, విండోస్ మళ్లీ ఎక్కించడం. ఇవన్నీ నీరసించిన డిస్క్ మీద ఇంకా బరువు పెడతాయి. ముందు కాపీ, తర్వాతే రిపేరు. పెన్ డ్రైవ్ నుంచి లినక్స్ ఎక్కించి, డీడీరెస్క్యూతో కొత్త డిస్క్‌లోకి తీశాం. అది తేలిగ్గా చదవగలిగినవి ముందు తీసుకుని, మొండి చోట్లకి చివర్లో వస్తుంది. డిస్క్ టక్ టక్‌మని కొడుతుంటే మాత్రం వెంటనే ఆపేయండి. ఇంట్లో విప్పకండి, ల్యాబ్‌కి ఇవ్వండి.

రాత్రంతా పట్టింది. పట్టాలు, అర్జీలు అన్నీ వచ్చాయి. ఆ కుర్రాడి అమ్మమ్మ పాడిన ఉడుపుల పాట మాత్రం మధ్యలో తెగిపోయింది. ఆవిడ ఇప్పుడు లేదు. మళ్లీ పాడించుకోలేం.

చుండూరు గుర్తు చేసుకోండి. 1991 ఆగస్టు 6న హత్యలు. ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో. హైకోర్టు నిందితుల్ని వదిలేసింది 2014లో. 23 ఏళ్లు. ఒక హార్డ్ డిస్క్‌ని ఐదేళ్లు దాటి నమ్మలేం. అంటే ఒక కేసు నడిచేలోపు మన సాక్ష్యం నాలుగైదు డిస్కులు మారాలి. మార్చే పని మనదే.

అందుకే మూడు కాపీలు ఉంచండి. రెండు రకాల పరికరాల్లో ఉంచండి. ఒకటి వాడకి బయట, నమ్మకమైన మనిషి దగ్గర పెట్టండి. ఏడాదికోసారి, ఏప్రిల్ 14న, తెరిచి వినండి. ఈ ఆదివారం మీ సంఘం కంప్యూటర్‌తో మొదలుపెట్టండి. చేతకాకపోతే కామెంట్‌లో చెప్పండి, కూర్చుని చేద్దాం.

జై భీమ్.