తమ్ముడి డబ్బాలు

మా తమ్ముడు 400 మీటర్లు పరిగెడతాడు. హనుమకొండ స్టేడియంలో ప్రాక్టీసు. వయసు 23, జలుబు తప్ప రోగం ఎరగడు. అయినా పదహారో ఏట మొదలుపెట్టిన ప్రొటీన్ పొడి ఇప్పటిదాకా మానలేదు. దాని పక్కకి క్రియాటిన్ వచ్చింది, తర్వాత విటమిన్ సి, ఇ గోళీలు, ఆ తర్వాత పరుగుకి ముందు తాగే ఎర్ర పొడి ఒకటి. ఏడేళ్లలో ఒక్క డబ్బా కూడా ఇంట్లోంచి పోలేదు, కొత్తవి చేరడమే.

"రోగం లేనోనికి మందులెందుకురా?" అంటుంది అమ్మ. "మందు గాదమ్మా, తిండే" అంటాడు వాడు. ప్రొటీన్ వరకూ వాడిదే నిజం. చీజ్ చేశాక మిగిలే విరుగుడు నీళ్ల నుంచి తీసేదే ఆ పొడి. కిలో బరువుకి రోజుకి 1.6 గ్రాముల ప్రొటీన్ దాటాక కండకి పెద్దగా ఒరిగేదేం లేదంటారు. వాడి 64 కిలోలకి అది వంద గ్రాములు. పప్పు, పెరుగు, గుడ్లు, కోడికూర ఉంటే ఇంటి తిండితోనే అయిపోతుంది. హాస్టల్లో నీళ్ల చారు తినే పిల్లలకి డబ్బా నిజంగానే అక్కరకొస్తుంది. కానీ కొనగలిగేది వాళ్లు కాదు.

పోయినేడు ఉద్యోగం కోసం రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ కాస్త ఎక్కువ వచ్చింది. అమ్మ రెండు రాత్రులు నిద్రపోలేదు, మా బంధువుల్లో ఒకాయన డయాలసిస్ మీద పోయాడు మరి. డాక్టరు తాపీగా అడిగాడు, "క్రియాటిన్ వాడతావా?" అని. అది ఒంట్లో విరిగి క్రియాటినినే అవుతుంది కాబట్టి కిడ్నీ బాగున్నా అంకె పెరగొచ్చట. కండ ఎక్కువున్నా అంతే. సిస్టాటిన్ సి అని ఇంకో పరీక్ష రాశాడు. అది మామూలుగా వచ్చింది. ఐదేళ్ల దాకా క్రియాటిన్ వాడిన ఆరోగ్యవంతుల మీద అధ్యయనాలున్నాయి, కిడ్నీకి హాని కనిపించలేదు.

నాకు కుదురులేనిది వేరే సంగతి. ఆ అధ్యయనాలు ఒక్కో డబ్బాకి, కొలిచి ఇచ్చినదానికి. మా తమ్ముడివి నాలుగు డబ్బాలు, ఏడేళ్లు. ఎర్ర పొడి లేబుల్ మీద "ప్రొప్రయిటరీ బ్లెండ్" అని ఉంటుంది, అందులో కెఫీన్ ఎంతో రాయలేదు. 2000-01లో జర్మనీలోని కొలోన్ ల్యాబ్ వాళ్లు 13 దేశాల నుంచి తెచ్చిన 634 సప్లిమెంట్లు పరీక్షిస్తే, 94 డబ్బాల్లో లేబుల్ మీద లేని హార్మోన్ సంబంధ పదార్థాలు దొరికాయి. డోప్ టెస్టులో అలాంటిది తేలితే "నాకు తెలీదు" అన్నంత మాత్రాన బయటపడలేరు. ఒంట్లో దొరికినదానికి ఆటగాడే బాధ్యుడు. స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకున్న ఇల్లు మాది.

విటమిన్ల కథ ఇంకా చిత్రం. 2009లో జర్మన్ పరిశోధకులు నలభై మంది దాకా ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లతో నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. సగంమందికి రోజూ విటమిన్ సి, ఇ ఇచ్చారు. వ్యాయామంతో ఇన్సులిన్ పనితీరులో రావాల్సిన మెరుగు గోళీలు వేసుకోనివాళ్లలోనే కనిపించింది.

ఇదంతా చెప్తే వాడు విన్నాడు, మొండివాడు కాదు. "అక్కా, 49.2 నుంచి 48.6కి వచ్చిన. అందులో ఏ డబ్బాది ఎంతో నాకెట్ల తెలుస్తది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నాలుగేళ్ల పరుగు, నిద్ర, కోచ్ తిట్లు, వయసు, అన్నీ ఆ 0.6లో కలిసిపోయి ఉన్నాయి. ఏది తీస్తే ఏది పోతుందో అని వాడి భయం. అమ్మేవాడికి కావలసింది కూడా ఆ భయమే కదా.

ఎర్ర పొడి మాత్రం మానేశాడు. మొదటి వారం తలనొప్పి అని ముసుగేసుకుని పడుకున్నాడు, కెఫీన్ ఎంత ఉండేదో అప్పుడు అర్థమైంది. క్రియాటిన్ రోజుకి మూడు గ్రాములు, కొలిచి, పరీక్ష చేయించిన బ్యాచ్ అయితేనే. విటమిన్ గోళీలు ఇప్పుడు అమ్మ వేసుకుంటోంది. పారేస్తే పైసలు దండుగట.