అల్లం, బెల్లం, మా అమ్మ ముక్కు

"అల్లమంటే నాకు తెలీదా, బెల్లంలా పుల్లగా ఉంటుంది" అన్నాడట వెనకటికెవడో. లోకమంతా వాణ్ణి చూసి నవ్వింది గానీ, మా అమ్మ చేసే అల్లప్పచ్చడి తిన్నవాడే అయితే అతగాడి తప్పు అంత పెద్దదేం కాదు. అందులో చింతపండు పడుతుంది, అల్లాన్ని మించి బెల్లం పడుతుంది. పెసరట్టు ముక్కతో నోట్లో పెట్టుకుంటే ముందు తీపీ, వెనకే పులుపూ, ఆ రెండూ సర్దుకున్నాక తీరిగ్గా అల్లం వచ్చి గొంతు పట్టుకుంటుంది.

అమ్మ వంటకి కొలతలు లేవు. రుచి చూడడం అసలే లేదు, నైవేద్యానికి ముందు ఎంగిలి చేస్తుందా? ఉన్నదల్లా ముక్కు. వసారాలో కూర్చుని "జీలకర్ర మాడుతోందే!" అని కేకేసేది. పొయ్యి పక్కనున్న నాకు తెలిసేది కాదు.

ఆ ముక్కు 2021లో కరోనా జ్వరంతో పోయింది. మనిషి దక్కింది, అదే పదివేలనుకున్నాం. వాసన మాత్రం తిరిగి రాలేదు. ఆవిడా ఎవరితోనూ అనలేదు. ఓరోజు పప్పుచారులో ఇంగువ రెండుసార్లు పడితే బయటపడింది. ఇక వంటింటి గడప తొక్కడమే తగ్గించేసింది.

మొన్న మా అమ్మాయి పురిటికొచ్చింది. కాయం బజార్లో కొనుక్కొద్దామన్నాను. "నేనింకా బతికే ఉన్నానే!" అని లేచింది అమ్మ.

శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు. వైద్యులు త్రికటు అనేవి ఈ మూడే. ఆపైన మోడి, వాము, జీలకర్ర. వేటికవి నేతిలో దోరగా వేయించి, దంచి, పల్చటి గుడ్డలో జల్లించి, బెల్లం పాకంలో నెయ్యి పోస్తూ కలపాలి. ఎండుమిరపకాయకి ఇందులో చోటు లేదు చూశారూ! పోర్చుగీసువాళ్ళు మిరప తేకముందు మనవాళ్ళకి కారమంటే ఇవేగా. ఇంట్లో పురుడొస్తే తప్ప ఆ పాతకాలపు వంటిల్లు మనకి గుర్తురాదు.

చిక్కల్లా "దోరగా" దగ్గరే. అది వాసన చెప్పాలి. అమ్మ గరిట పట్టుకుని నావంక చూసింది.

"వచ్చిందా?"

"ఏమిటి?"

"వాసనే!"

వంట విషయంలో అమ్మ నన్నొకటి అడగడం అదే మొదలు. నా దగ్గర జవాబు లేదు. నాకన్నీ ఒక్కలాగే ఉన్నాయి. "ఆఁ, వచ్చింది" అనేశాను. అమ్మ మారు మాటాడకుండా మూకుడు దించింది. అంత నమ్మకంగా దించడం చూస్తే నాకే భయమేసింది.

శొంఠి దంచుతుంటే అమ్మ తుమ్మింది. కళ్ళ నీళ్ళు కారుతున్నా మొహమంతా నవ్వే. "ఘాటు తెలుస్తోందే!" అంది. ఘాటు వాసన కాదట, దాన్ని మెదడుకి చేర్చే నరం వేరేనట. తరవాత డాక్టరుగారు చెప్పారు.

మర్నాడు పొద్దున్నే ఉసిరికాయంత ఉండ చేసి మనవరాలి నోట్లో పెట్టింది. అది కళ్ళు మూసుకుని మింగి, "నిప్పులా ఉంది అమ్మమ్మా" అంది. కాసేపాగి, "వాము కొంచెం మాడినట్టుందే" అంది.

అమ్మ నావైపు తిరిగి చూసింది.

అప్పట్నుంచి అమ్మ మళ్ళీ పొయ్యి దగ్గరకొస్తోంది. మూకుట్లో ఏది వేసినా "వచ్చిందా?" అని కేకేస్తుంది. నన్ను కాదు, గదిలో మంచం మీదున్న బాలింతని.