కింది పేరా

మా బడి గోడపత్రిక చూసిన కొత్త టీచర్లు అప్పుడప్పుడు అడుగుతుంటారు: "సార్, ఈ కాలమ్‌లు కొట్టడం, బాక్సులు కట్టడం మీరు ఎక్కడ నేర్చుకున్నరు?" విద్యానగర్‌లో అని చెబుతాను. ఆరు నెలలు నేర్చుకున్నానని, కొన్నాళ్లు ఒక పేపర్లో పేజీలు కూడా పెట్టానని చెబుతాను. అక్కడితో ఆపేస్తాను. మిగిలింది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఈ పుస్తకానికి రాయమన్నప్పుడు మన మిత్రులు "మీకు చేతనైన పని గురించి రాయండి" అన్నారు. పని గురించి రాస్తే ఆ సంగతి కూడా రాయాలి. అందుకే రాస్తున్నాను.

అది 2001. అప్పటికి నా టి.టి.సి. అయిపోయింది. డీఎస్సీ కోసం ఎదురుచూస్తున్నాను. ఊళ్లో ఖాళీగా ఉంటే పత్తి చేనుకు పోవాలి, లేకపోతే పట్నం పోవాలి. మా పెద్దమ్మ కొడుకు ఉస్మానియాలో ఎం.ఏ. చదువుతున్నాడు. అన్న గదిలో నాన్‌బోర్డర్‌గా చేరాను. ఒక మంచం మీద ఇద్దరు పడుకొని, ఒకరి మెస్సు ప్లేటులో ఇద్దరు తిని చదువు గట్టెక్కించుకున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. నాకంటే ముందు ఆ గదిలో ముగ్గురు అట్లనే ఉండి పోయారు.

"ఉత్తగ కూసోకు, ఏదన్నా పని నేర్చుకో" అని అన్నే విద్యానగర్‌లో ఒక డీటీపీ ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించాడు. మందుల దుకాణం మీద రెండు గదులు, ఆరు కంప్యూటర్లు. పొద్దున్నే క్యాంపస్‌లోంచి నడిచి ఎన్‌సీసీ గేటు దాటి విద్యానగర్ చేరేవాడిని. చేరిన రోజే పేజ్‌మేకర్ ముందు కూర్చోబెడతారనుకున్నాను. మా సారు కంప్యూటర్ ముట్టనివ్వలేదు. తెల్ల కాగితం, పెన్సిలు, స్కేలు చేతిలో పెట్టి, పాత పేపరు ఒకటి ముందర పరిచాడు. "దీన్ని చదవకు, కొలువు" అన్నాడు.

పది రోజులు కొలిచాను. పెద్ద పేపరుకు అడ్డంగా ఎనిమిది కాలమ్‌లు. కాలమ్‌కీ కాలమ్‌కీ మధ్య సన్నటి ఖాళీ, దాన్ని గట్టర్ అంటారు. హెడ్డింగు ఎన్ని కాలమ్‌లు పరుచుకుంటే వార్త అంత పెద్దదని లెక్క. ముందుగా పెన్సిలుతో డమ్మీ గీయాలి: ఇక్కడ ప్రకటన, ఇక్కడ ఫొటో, ఇక్కడ మొదటి వార్త. ప్రకటనలు ముందే కూర్చుంటాయి. వార్తలు మిగిలిన చోట్లో సర్దుకోవాలి. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. పేపరంటే వార్తలకోసం అనుకునే వయసు అది.

అక్షరాల కొలత పాయింట్లలో ఉంటుంది. 72 పాయింట్లు ఒక అంగుళం. ఇంగ్లీషుకు 10 పాయింట్ల అక్షరం వేసి 12 పాయింట్ల వరుస ఇస్తే హాయిగా కూర్చుంటుంది. మన తెలుగుకు అది చాలదు. పైన గుడి, కొమ్ము, కింద ఒత్తు. 'స్త్రీ' అని కొడితే ఒత్తు కింద ఇంకో ఒత్తు. వరుసల మధ్య చోటు ఇవ్వకపోతే పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస గుడి మీద కూర్చుంటుంది. "తెలుగు అక్షరానికి ఊపిరాడనియ్యాలె" అనేవాడు మా సారు. ఆ మాట ఇప్పటికీ పిల్లలకు చెబుతాను. ఒకటో తరగతి పిల్లకు పలక మీద రాసిచ్చినా అంతే, పేపర్లో వేసినా అంతే.

తర్వాత అను ఫాంట్లు, కీబోర్డు, పేజ్‌మేకర్. అప్పటి ఫాంట్లలో అక్షరం ముక్కలు ముక్కలుగా ఉండేది. తల ఒక మీట, ఒత్తు ఒక మీట. మన ఇంటిపేర్లు కొట్టేటప్పుడే నాకు చిక్కు వచ్చింది. కుమ్రం అని కొడితే పక్కనున్నవాడు కొమురం అని దిద్దేవాడు. తొడసం అంటే తోడసం, సిడాం అంటే సీదాం. "ఏదైతే ఏందన్నా, అర్థమైతది గదా" అనేవాళ్లు. పేర్లంటే అర్థమయ్యేవి కావని, పిలిచేవని నాకు అప్పుడు చెప్పడం రాలేదు.

సాయంత్రాలు ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చునేవాళ్లం. అక్కడ జర్నలిజం శాఖ 1954 నుంచి ఉంది. విద్యార్థులు ఉస్మానియా కొరియర్ అనే అభ్యాస పత్రిక తెచ్చేవారు. దాన్ని అడిగి తీసుకొని కొలిచేవాడిని. ఆదివారం బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి పోయి పాత పత్రికలు తిరగేసేవాడిని. పాతవాటిలో ఫొటోలు తక్కువ, అక్షరాలు ఎక్కువ. అయినా పేజీ బరువనిపించేది కాదు.

ఆ మెట్ల మీదే అన్న ఒకరోజు హైమన్‌డార్ఫ్ సంగతి చెప్పాడు. మార్లవాయి పేరు మనకు తెలిసిందే. 1943లో అక్కడ గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. అది మొదలుపెట్టించిన హైమన్‌డార్ఫ్ తర్వాత ఇదే ఉస్మానియాలో మానవశాస్త్ర ఆచార్యుడిగా పనిచేశాడట. మా తాతల కాలంలో గోండి వాచకాలు దేవనాగరి అక్షరాల్లో అచ్చయ్యాయి. అంటే మన మాట అచ్చెక్కిన కథలో ఈ క్యాంపస్‌కు కూడా కొంత చోటుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎప్పటికైనా గోండిలో ఒక పుస్తకం నా చేతులతో పేజీలు పెట్టాలనుకున్నాను.

కోర్సు సగంలో ఉండగానే తార్నాక వైపు ఒక చిన్న పేపరు ఆఫీసులో రాత్రి పని దొరికింది. జీతం కాదు, చేయి తిరగడానికి. జిల్లా పేజీలు పెట్టాలి. 1989లో ఈనాడు జిల్లాకో చిన్న పత్రిక మొదలుపెట్టాక తెలుగు పేపర్లు ఒక్కొక్కటిగా ఆ దారి పట్టాయి. దాంతో మన మండలాల వార్తలకు కూడా చోటు దొరికింది. కాకపోతే ఉట్నూరు వార్తను ఉట్నూరు వాళ్లమే చదువుకోవడం కూడా అప్పుడే మొదలైంది.

పేపరు పనిలో ఒక నియమం ఉంది. వార్తలో ముఖ్యమైనది పైన రాయాలి, తక్కువ ముఖ్యమైనది కిందికి పోవాలి. చోటు చాలనప్పుడు కింది నుంచి కోస్తారు. చదవకుండా కోసినా వార్త చెడదు. తలకిందుల పిరమిడ్ అంటారు దీన్ని. మంచి నియమమే. రాత్రి పదిన్నరకు పేజీ వదలాల్సినప్పుడు ప్రతి వార్తా మొదటి నుంచి చదువుతూ కూర్చుంటే తెల్లారుతుంది.

వానాకాలం పోతూ పోతూ ఉంది. ఏజెన్సీలో విషజ్వరాల కాలం. ఒక రాత్రి మా వైపు నుంచి ఒక వార్త వచ్చింది. ఒక గూడెంలో జ్వరంతో నలుగురు చనిపోయారు. పేజీలో దానికి రెండు కాలమ్‌ల చోటు పెట్టాను. చివరి నిమిషంలో కిందికి ప్రకటన వచ్చింది. డెస్కులో ఉన్నాయన తల ఎత్తకుండానే "పదకొండు లైన్లు ఎక్కువుంది, కింది నుంచి లేపెయ్" అన్నాడు. లేపేశాను. లేపేటప్పుడు చూశాను. కింది పేరాలో నలుగురి పేర్లు, వయసులు ఉన్నాయి. అందులో ఒకటి మా గూడెం పక్క గూడెం పిల్ల పేరు. వరసకు మామ కూతురు. పదో పదకొండో ఏళ్లు. పేరు చదివాను, గుర్తుపట్టాను, మీట నొక్కాను. పేజీ సరిపోయింది.

అదే పేజీలో పైన ఒక ప్రారంభోత్సవం వార్త ఉంది. దానికి వచ్చిన పెద్దల పేర్లు పద్నాలుగు. అవి మొదటి పేరాలోనే ఉన్నాయి కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు.

దీపావళికి ఊరికి పోయాను. దండారి ఆడుతున్నారు. పక్క గూడెం నుంచి గుస్సాడీలు వచ్చారు, వాళ్లతో మామ కూడా వచ్చాడు. భోజనాలయ్యాక నన్ను పక్కకు పిలిచి, ధోతి మడతలోంచి ఒక పేపరు తీశాడు. నాలుగు మడతలు పెట్టి దాచుకున్నాడు. మడత మీద చిరుగులు పడుతున్నాయి. ఆయనకు చదువు రాదు.

"అల్లుడా, నువ్వు పట్నంల పేపర్లు చేస్తవంట గదా. పేపరాయన మా ఇంటికొచ్చి నా బిడ్డ పేరు రెండుసార్లు అడిగి రాసుకున్నడు. అదేడుందో జెర చూపియ్యి. మీ అత్తకు చూపియ్యాలె."

మేం మాట్లాడుకున్నది గోండిలో. తెలుగులో రాస్తే ఇంతే. పేజీ నాకు తెలుసు. ఎక్కడ ఏముందో కళ్లు మూసుకొని చెప్పగలను. వార్త మీద వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా చదివినట్టు నటించాను. "పేర్లు పడలేదు మామా" అన్నాను. పడలేదు అన్నాను. తీసేశాను అనలేదు. ఆయన కాసేపు పేపరు చూశాడు. మళ్లీ అదే మడతలు పెట్టి ధోతిలో దోపుకున్నాడు. "పోనీ తీ, గూడెం పేరు ఉంది గదా" అని నన్నే ఓదార్చాడు.

ఆయన ఇప్పుడు లేడు. చెప్పడానికి చాలా ఏళ్లు దొరికాయి, చెప్పలేదు.

ఆ తప్పు ఎవరిదని ఎన్నోసార్లు ఆలోచించాను. నియమం తప్పు కాదు. డెస్కులో ఉన్నాయన చెడ్డవాడు కాదు, చదువుకోమని నాకు తన పుస్తకాలిచ్చినవాడే. విలేకరి గూడెం దాకా నడిచి, పేర్లు అడిగి రాసుకొచ్చాడు. కానీ రాసేటప్పుడు వాటిని కింది పేరాలో పెట్టాడు. పెద్దల పేర్లు మొదటి పేరాలో, మన పేర్లు కింది పేరాలో. అక్కడే సగం కోత అయిపోయింది. మిగిలిన సగం నేను కోశాను. 'నలుగురు గిరిజనులు' అన్న రెండు మాటలు మాత్రం హెడ్డింగులో మిగిలాయి.

తర్వాత ఉద్యోగం వచ్చింది, ఊరికొచ్చేశాను. నేర్చుకున్న పని వదల్లేదు. 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, సవర లాంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతుల పిల్లలకు మాతృభాషలో చదువు మొదలైంది. తెలుగు అక్షరాల్లో గోండి వాచకం మా బడికి వచ్చినప్పుడు ముందుగా స్కేలు పెట్టి వరుసల మధ్య చోటు కొలిచాను. పిల్లలు నవ్వారు. ఊపిరాడేటట్టే ఉంది.

గుంజాల గోండి లిపి సంగతి మీకు తెలిసిందే. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతులను ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు మొదలైనవాళ్లు బయటి లోకానికి తెచ్చారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. మన హల్లులు 'క'తో మొదలుకావు, 'య'తో మొదలవుతాయి. ఆ అక్షరాలను మొదటిసారి తెర మీద చూసిన రోజు కుమ్రం, తొడసం, సిడాం వరసగా కొట్టుకుంటూ పోయాను. ఎవరూ దిద్దలేదు.

మా గోడపత్రికకు ఒకటే నియమం. డమ్మీ గీసేటప్పుడు ముందు పేర్లకు చోటు పెట్టాలి. బొమ్మ గీసినవాళ్లు, కథ చెప్పిన అవ్వ, పాట పాడిన తాత, పేరు, ఊరు. ఆ తర్వాత హెడ్డింగు, ఆ తర్వాత బొమ్మలు. చోటు చాలకపోతే హెడ్డింగు తగ్గించుకుంటాం. నాలుగో తరగతి పిల్లలకు కూడా ఈ లెక్క తేలిగ్గానే ఎక్కింది. పోయినసారి ఒక పిల్ల హెడ్‌మాస్టర్ సందేశం నాలుగు లైన్లు కోసేసి, వాళ్ల అవ్వ పేరుకు చోటు చేసింది. ఆ హెడ్‌మాస్టర్‌ను నేనే.

ఈ పుస్తకం పేజీల పని కూడా నాకే అప్పజెప్పారు. అచ్చు పని మీద మొన్న విద్యానగర్ పోయాను. మా ఇన్‌స్టిట్యూట్ ఉన్నచోట ఇప్పుడు వేరే దుకాణం ఉంది. సారు ఎక్కడున్నాడో ఎవరూ చెప్పలేకపోయారు. ఎన్‌సీసీ గేటులోంచి ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచాను. మెట్ల మీద పిల్లలు ఫోన్లలోనే పోస్టర్లు తయారు చేస్తున్నారు. తెలుగు వరుసలు ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నాయి. ఆగి చెప్పాలనిపించింది. ఒకతనికి చెప్పాను. "థాంక్స్ అంకుల్" అని వరుసలు జరిపాడు.

ప్రెస్సులో లెక్క తేలింది. 16 పేజీల ఫారాలు నాలుగు, అంటే 64 పేజీలు. మన మ్యాటరు 65 పేజీలు వచ్చింది. 65వ పేజీలో ఉన్నది మనకు కథలు, పాటలు చెప్పిన పెద్దవాళ్ల పేర్లు. "సార్, ఈ ఒక్క పేజీకి ఇంకో ఫారం ఎందుకు? పేర్లే గదా, లేపేద్దాం" అన్నాడు ప్రెస్సు కుర్రాడు. అతని తప్పు లేదు. అది చివర్లో ఉంది.

పేర్ల పేజీని ముందుకు, మూడో పేజీలోకి తెచ్చాను. చోటు కోసం ఒక పేజీ తగ్గించాలి. ఎవరి వ్యాసం ముట్టుకోను? నా వ్యాసంలోంచి ఒక పేజీ తీసేశాను. ఫాంట్ల గురించి, కంప్యూటర్ల గురించి ఇంకా చాలా రాసుకున్నాను, అవి పోయాయి. కింది పేరా ఉంచాను.

మామ కూతురి పేరు ఇక్కడ రాద్దామని ఒకసారి అనుకున్నాను. రాయడం లేదు. అది ఉండాల్సింది 2001లో, ఆ వార్తలో, వాళ్ల అమ్మ చూసుకునే చోట. ఇప్పుడు రాస్తే అది నా వ్యాసానికి పనికొస్తుంది తప్ప వాళ్లకు కాదు. ఆ అత్త ఇంకా ఉంది. ఈ పుస్తకం చేతికొచ్చాక గూడేనికి పోయి, ఈ పేజీ గోండిలో చదివి వినిపించి, అప్పుడు పడలేదన్న మాటను సరిచేసి చెప్పాలి. ఆమె ఏమంటుందో, అది వినాలి.